అరకు ఇంటికి కర్రల పొయ్యి, దానికో బ్లోయర్: నా అనుభవం

మా సొంతూరు అరకు లోయ పక్కన ఒక చిన్న పల్లె. నేను ఉద్యోగం వల్ల గాజువాకలో ఉంటాను, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు. 2022లో జిల్లాలు విడిపోయాక మా ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆసుపత్రికైనా ఇనుప సామానుకైనా మాకు ఇప్పటికీ వైజాగే. ఈ చలికాలం ఆ ఇంటికి పొగగొట్టం ఉన్న ఇనుప కర్రల పొయ్యి చేయించి, గదులు వెచ్చబడడానికి దాని వెనక బ్లోయర్ ఫ్యాను పెట్టించాను. మన వైపు ఇలాంటిది వాడినవాళ్లు నాకు కనపడలేదు, అడగడానికి మనిషి లేడు. నాలాగే వైజాగులో ఉంటూ పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దీనంతటికీ కారణం అమ్మ. ఆమెకు ఆయాసం ఉంది. చలి పెరిగితే పొయ్యిలో బొగ్గులు తీసి కుంపట్లో వేసుకుని, ఆ కుంపటి మంచం పక్కన పెట్టుకుని, తలుపులూ కిటికీలూ మూసి పడుకోవడం మా ఇళ్లలో అందరికీ అలవాటే. కిందటి జనవరిలో ఒక తెల్లవారుజామున తల పగిలిపోతోందని లేచింది, నిలబడబోయి పడిపోయింది. నాన్న తలుపులు బార్లా తెరిచి, ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు కాబట్టి బతికింది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వైజాగు తీసుకొచ్చి చూపిస్తే డాక్టరు గారు రెండు మాటలే చెప్పారు: పొగ తగలకూడదు, చలి తగలకూడదు. కుంపటి తీసేస్తే చలి, పెడితే పొగ. ఆ రెండు మాటలూ ఏడాదంతా నన్ను పట్టుకునే ఉన్నాయి.

ముందు అందరిలా కరెంటు హీటరే కొన్నాను. 2000 వాట్లది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే 16 యూనిట్లు. బిల్లు సంగతి అటుంచితే, మా ఊళ్లో సాయంత్రం అయ్యేసరికి వోల్టేజి పడిపోతుంది, హీటరు తీగలు ఎర్రబడవు. గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు వస్తుందో తెలీదు. కర్రలు మాత్రం ఊళ్లో ఎప్పుడూ ఉంటాయి. పొగ మొత్తం గొట్టంలోంచి బయటికి పోయి, వేడి మాత్రం లోపల ఉండే పొయ్యి కావాలనుకున్నాను.

అక్టోబరు మూడో వారంలో ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ మేస్త్రిని పట్టుకున్నాను. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు చూసి, "వైజాగులో హీటరేటి బాబూ?" అన్నాడు. అరకు అని చెప్పాక కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. పెట్టె 5 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మామూలు ఇనుము) ప్లేటుతో, లోపల అడుగునా పక్కలా మంటకు తట్టుకునే ఫైర్ బ్రిక్స్, బిగుతుగా మూసుకునే తలుపు, ఆ తలుపు అంచుకి సిరామిక్ తాడు, 6 అంగుళాల పొగగొట్టం. చేతికూలితో కలిపి కిలోకి 150 రూపాయలు అన్నాడు. తయారయ్యాక కాటా వేస్తే 110 కిలోలు తూగింది, అంటే 16,500. వారంలో ఇస్తానన్నాడు. కార్తీకమాసం పెళ్లిళ్లు, గృహప్రవేశాలు కలిసి అది నవంబరు నెలాఖరు దాకా సాగింది. ఊళ్లో చలి మొదలైపోయింది. రోజూ రాత్రి ఫోన్ చేసి "కుంపటి పెట్టుకోలేదు కదా అమ్మా" అని అడగడం, ఆమె "లేదులే" అనడం. ఆ "లేదులే"ని పూర్తిగా నమ్మలేక నాకు నిద్ర పట్టేది కాదు.

అసలు ఇబ్బంది బ్లోయర్ దగ్గర వచ్చింది. పొయ్యికి బ్లోయర్ అనగానే మేస్త్రికి కొలిమి గుర్తొచ్చింది. నేను లేనప్పుడు పెట్టె అడుగున బెజ్జం వేసి, గాలి నేరుగా నిప్పులోకి కొట్టేలా గొట్టం అతికించేశాడు. ఆయన తప్పేం లేదు, ఆయన చూసిన బ్లోయర్లన్నీ ఇనుము కాల్చడానికి పెట్టినవే. షెడ్డు బయట అంటించి చూపిస్తే మంట గుప్పున లేచింది, కర్రలు కాసేపట్లోనే కాలిపోయాయి, తలుపు సందుల్లోంచి పొగ బయటికి తన్నింది. ఇంట్లో అదే జరిగితే కుంపటి కంటే ప్రమాదం. మామూలుగా పొగగొట్టం లాగుడుకి పెట్టె లోపల గాలి ఒత్తిడి గదిలో కంటే తక్కువగా ఉంటుంది, అందుకే సందు ఉన్నా గది గాలే లోపలికి వెళ్తుంది తప్ప పొగ బయటికి రాదు. లోపలికి ఫ్యానుతో గాలి కొడితే ఆ ఒత్తిడి తలకిందులవుతుంది.

నాకు కావాల్సింది వేరే. నిప్పుకి గాలి అక్కర్లేదు, గదికి కావాలి. పెట్టె చుట్టూ రెండు అంగుళాల ఖాళీ వదిలి పలచటి రేకుతో ఇంకో తొడుగు వెయ్యాలి. కింద వెనక నుంచి బ్లోయర్ చల్లగాలిని ఆ ఖాళీలోకి కొడితే, అది వేడి ఇనుము మీదుగా పాకి, పైన ముందు వైపు నుంచి వేడిగాలిగా బయటికి రావాలి. ఈ గాలీ పొగా ఎక్కడా కలవకూడదు. ఇదంతా చెప్పాక మేస్త్రి కాసేపు ఆలోచించి, "అలగైతే నిప్పు సంగతి దాంది, గాలి సంగతి దాంది" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. అడుగున వేసిన బెజ్జానికి ప్లేటు అతికి, నీళ్లు పోసి కారడం లేదని చూపించాక తొడుగు మొదలుపెట్టాడు.

పొగగొట్టం దగ్గర ఇంకో పేచీ. జీఐ పైపు అయితే చవక, వెంటనే దొరుకుతుంది. కానీ జీఐ మీద ఉండేది జింకు పూత. పొయ్యికి దగ్గర్లో ఆ పూత వేడికి పాడవుతుంది, బాగా ఎర్రబడితే దాని ఆవిరి ఒంటికి మంచిది కాదు. ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో అది పెట్టనని పట్టుబట్టి ఎస్ఎస్ 304 అనే స్టెయిన్‌లెస్ స్టీలు పైపు తెప్పించాను. అదొక్కటే 9,000. పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగేలా జతలు పెట్టమని కూడా చెప్పండి. అప్పుడు గొట్టంలో పొగ చల్లారి జారే తారు లోపలే కిందికి దిగి పొయ్యిలో పడుతుంది. అటూ ఇటూ మారితే జతల దగ్గర నల్లటి చారలు గోడ మీదికి కారతాయి.

బ్లోయర్ కోసం డాబాగార్డెన్స్ షాపులు తిరిగాను. చాలామంది చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను చేతిలో పెట్టారు. అది ఖాళీగా తిరిగితే బోలెడు గాలి ఇస్తుంది, ఇరుకు సందులోకి కొట్టమంటే నిలబడిపోతుంది. దీనికి నత్తగుల్ల ఆకారంలో ఉండే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ కావాలి, రెక్కలు ఇనుపవి ఉండాలి. 40 వాట్లది 2,800కి దొరికింది. ఎనిమిది గంటలు తిరిగినా యూనిట్లో మూడో వంతు కాలదు. మోటారు ఎప్పుడూ చల్లగాలి వైపే ఉండాలి, వేడిగాలి వచ్చే చోట పెడితే కాలిపోతుంది.

దీనికి తోడు చిన్న థర్మోస్టాట్ కావాలి. పొయ్యి వేడెక్కాక ఫ్యాను దానంతట అదే తిరగాలి, చల్లారాక ఆగిపోవాలి. రూపాయి బిళ్లంత ఉండే కేఎస్‌డీ 301 అనే ముక్క, 45 డిగ్రీలది. ఇక్కడొక మెలిక ఉంది. గీజర్లు రిపేరు చేసే షాపుల్లో ఎక్కువగా ఉండేది వేడెక్కితే కరెంటు ఆపేసే రకం. మనకు కావాల్సింది వేడెక్కితే కరెంటు ఇచ్చే రకం. చూడ్డానికి రెండూ ఒకటే. వెనక 'ఎన్‌ఓ' (నార్మల్లీ ఓపెన్, అంటే చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఇవ్వనిది) అని ఉందో లేదో చూసి తీసుకోండి. నాకు మొదట ఇచ్చింది ఆపేసే రకమే, మార్చుకోవడానికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. దాన్ని పెట్టె ఒంటికి కాకుండా బయటి తొడుగు రేకుకి బిగించాం. పెట్టె వేడికి అది తట్టుకోదు. పొయ్యి దగ్గర మామూలు పీవీసీ వైరు వాడకండి, సిలికాన్ వైరు అడగండి. ఇనుప ఒళ్లు కాబట్టి ఎర్తింగ్ తప్పనిసరి. ఈ చిల్లర సామానంతా 400 రూపాయల్లో అయిపోయింది.

నవంబరు 28న షెడ్డు బయటే మొదటిసారి పూర్తిగా వెలిగించాం. కొత్త హీట్ పెయింట్ మొదటి రెండు మూడు మంటలకు కంపు కొడుతుంది, పొగ వదులుతుంది. అది ఇంట్లో వదలనివ్వకుండా వైజాగులోనే కాల్చేయాలనుకున్నాను. ఎండా ఉక్కా కలిసిన మధ్యాహ్నం, పక్క షెడ్ల వాళ్లంతా చేరారు. గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసి ఒకాయన "మా అమ్మది అనంతగిరి బాబూ, ఇది ఎంతయింది" అని అడిగాడు. అప్పటిదాకా ఇది నా ఒక్కడి పిచ్చేమో అని మనసులో ఉండేది. ఆ మాటతో ధైర్యం వచ్చింది.

డిసెంబరు 6న బొలెరోలో ఎక్కించాం, కిరాయి 5,500. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఫైర్ బ్రిక్స్ విడిగా గోనెల్లో కట్టి తీసుకెళ్లడం మంచిదయింది, లోపల ఉంటే మలుపులకు పగిలేవి. దించడానికి నలుగురు పట్టారు.

మా ఇంటిది స్లాబు. కోర్ కటింగ్ అతను వైజాగు నుంచే రావాలి, వచ్చినందుకూ కోసినందుకూ కలిపి 3,500. రాడ్లు, బీములు తప్పించి 8 అంగుళాల బెజ్జం వేశాడు. పైపుకీ స్లాబుకీ మధ్య అంగుళం ఖాళీలో రాక్‌వుల్ (వేడికి కాలని రాతి దూది) కూరి, పైన రేకు గొడుగు, చుట్టూ సిమెంటు. గొట్టం స్లాబు మీద కనీసం మూడు అడుగులు లేవాలి, పది అడుగుల లోపల ఇంకేదైనా ఎత్తుగా ఉంటే దానికంటే రెండు అడుగులు పైకి ఉండాలి. మాకు నీళ్ల ట్యాంకు అడ్డం వచ్చింది, ఇంకో ముక్క వేయాల్సి వచ్చింది. పొయ్యి కింద టైల్స్ పరిచాం, చుట్టూ మూడు అడుగుల దాకా మంచం, చెక్క బీరువా, గుడ్డలు ఏవీ లేకుండా జరిపాం. సిమెంటు ఆరేదాకా ఆగమన్నాడు మేస్త్రి. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయట 7 డిగ్రీలు. అమ్మ దుప్పట్లు కప్పుకుని పొయ్యి వంక చూస్తూ కూర్చునేది, ఆగలేక నాకు కోపం వచ్చేది.

మొదటి సాయంత్రం బాగా జరగలేదు. అంటించగానే పొగ తిరిగి గదిలోకి వచ్చింది. గొట్టం నిండా చల్లగాలి బరువుగా కూర్చుని ఉంది. ఒక పేపరు చుట్ట వెలిగించి గొట్టం మొదట్లో పెడితే కాసేపటికి లాగుడు మొదలైంది. అయినా మంట నీరసంగానే ఉంది. నాన్న ప్రేమగా పేర్చిపెట్టిన సిల్వర్ ఓక్ కర్రలు కొట్టి నెల కూడా కాలేదట. పచ్చికర్రలో సగం బరువు నీళ్లే, ఆ నీళ్లు మరగడానికే వేడంతా పోతుంది. 20 శాతం లోపు తేమ ఉంటేనే పొయ్యి సరిగా మండుతుంది. పైగా నాన్న, ఫ్యాను తిరగడం లేదేంటని థర్మోస్టాట్ తప్పించి నేరుగా ప్లగ్ పెట్టమన్నాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. పొయ్యి వేడెక్కక ముందే చల్లగాలి కొడితే ఇనుము చల్లబడి, పొగ గొట్టంలోనే చల్లారి తారుగా పేరుకుంటుంది. ఆ తారే తర్వాత గొట్టంలో అంటుకుంటుంది. ఫ్యాను తిరగడం లేదంటే పొయ్యి ఇంకా సిద్ధం కాలేదని అర్థం, కర్రలు సరి చూసుకోవాలి.

రెండు రోజుల తర్వాత వైజాగు అడితి నుంచి ఎండిన సరుగుడు కర్రలు తెప్పించాను, కిలో 8 రూపాయలు పడింది. సముద్రపు ఒడ్డు చెట్టు కొండ మీద ఇంత పని చేస్తుందని అనుకోలేదు. సన్నగా, బరువుగా ఉండి నిక్కచ్చిగా మండుతుంది. ఇరవై నిమిషాల్లో టిక్ అని చిన్న చప్పుడు, బ్లోయర్ తిరగడం మొదలుపెట్టింది. ముందు నుంచి వెచ్చటి గాలి వచ్చి కాళ్లకు తగిలింది. అమ్మ రెండు చేతులూ చాపి, "పొగ లేదురా" అంది. వెచ్చగా ఉందని కాదు, పొగ లేదని. నేను పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

అయితే ఆ రాత్రే ఒక విషయం తెలిసింది. హాలు 24 డిగ్రీలకు వచ్చింది, అమ్మ పడుకునే గది మాత్రం 16 దగ్గరే ఆగిపోయింది. పొయ్యి వేడిని బ్లోయర్ హాలంతా సమంగా పంచింది గానీ తలుపు దాటించలేదు. హాల్లో టేబుల్ ఫ్యాను పెట్టి పడకగదిలోకి వేడిగాలి కొట్టించి చూశాం. పెద్ద తేడా లేదు. తర్వాత అదే ఫ్యానుని పడకగది లోపల నేల మీద పెట్టి, గుమ్మం వైపు తిప్పి, గదిలోని చల్లగాలిని హాల్లోకి కొట్టించాను. "చలికాలంలో ఫ్యానేటిరా, అదీ నీ అమ్మ గదిలో" అని నాన్న గట్టిగానే కేకలేశాడు. చల్లగాలి బరువు, నేల మీదే పాకుతుంది. దాన్ని కింది నుంచి బయటికి తోస్తే, ఆ ఖాళీలోకి హాలు వేడిగాలి గుమ్మం పై భాగం నుంచి వస్తుంది. నాన్నకు చూపించడానికి అగరుబత్తి వెలిగించి గుమ్మం పైన పట్టుకున్నాను, పొగ గదిలోకి వంగింది. కింద పట్టుకుంటే హాల్లోకి వంగింది. ఆయన నా చేతిలోంచి అగరుబత్తి తీసుకుని తనే పైనా కిందా పట్టుకుని చూశాడు. గంటలో గది 20కి వచ్చింది. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాశాను. ఫ్యాను తక్కువ స్పీడులోనే ఉండాలి, మంచం మీదికి గాలి తగలకూడదు.

బ్లోయర్ చప్పుడు మొదట అమ్మకు నిద్ర పట్టనివ్వలేదు. ఇనుముకీ బ్లోయర్‌కీ మధ్య రబ్బరు బుష్‌లు వేశాక చాలా తగ్గింది. కరెంటు పోయినప్పుడు కంగారు పడక్కర్లేదు, వేడిగాలి దానంతట అదే పైకి లేస్తూ ఉంటుంది, పొయ్యి ఒళ్లు మాత్రం ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు కొత్త కర్ర వేయకుండా ఉంటే చాలు. పాత ఇన్వర్టరుకి కలిపితే బ్లోయర్ గుర్రుమని మూలిగింది, అది స్క్వేర్ వేవ్ రకం. ప్యూర్ సైన్ వేవ్ దానికి కలిపితే మామూలుగా తిరుగుతోంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం 2,400 పెట్టి కొని అమ్మ గదిలోనే గోడకు తగిలించాను. దీని దగ్గర మాత్రం పొదుపు చూడకండి. ఎంత మంచి పొయ్యి అయినా, గొట్టం మూసుకుపోతే కుంపటితో సమానం. హాల్లో ఒక కిటికీ రెండు అంగుళాలు తెరిచే ఉంచుతున్నాం, మంటకు కావాల్సిన గాలి ఎక్కడి నుంచో రావాలి కదా.

ఫైర్ బ్రిక్స్, రంగు, తాడు, టైల్స్, మేస్త్రీల కూలి అన్నీ కలుపుకుంటే 45 వేలు దాటింది. కర్రల ఖర్చు దీనికి అదనం. నాన్న ఇప్పుడు సిల్వర్ ఓక్ చీల్చి, ఇంటి చూరు కింద గాలి ఆడేలా పేరుస్తున్నాడు, వచ్చే ఏడాదికి అవి ఎండుతాయి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు గొట్టం విప్పి బ్రష్ వేశాం. మొదటి రోజుల పచ్చికర్రల తారు పై ముక్కలో గోరంత మందాన ఉంది, సరుగుడు మొదలుపెట్టాక పేరుకున్నది మాత్రం పొడి మసే. బ్లోయర్ నోటి దగ్గర దుమ్ము, దూది చేరింది, పాత టూత్‌బ్రష్‌తో తీశాం. చలి తగ్గాక వానలు పడేలోపు బూడిద పూర్తిగా ఎత్తేయాలి, తడి తగిలితే అది ఇనుముని తినేస్తుంది. గొట్టం పైన మూత పెట్టి, లోపల ఇనుముకి పలచగా నూనె రాసి, బ్లోయర్ విప్పి బీరువాలో పెట్టమని నాన్నకు చెప్పి వచ్చాను. మూత పెట్టిన సంగతి మర్చిపోయి అంటించకుండా పొయ్యి తలుపుకి ఎర్ర గుడ్డ కట్టమన్నాను.